తండా అంటే ఊరు కాదు, నడిచే బిడారు

 

పోయిన నెల లైవ్‌లో మాటల మధ్యలో ఒక సంగతి చెప్పాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఎట్లాగూ వదిలేశాను కాబట్టి ఒక పాత టెంపో ట్రావెలర్ కొని, లోపల మంచం, చిన్న కిచెన్, పైన సోలార్ ప్యానెల్ పెట్టించుకొని ఏడాది పాటు అందులోనే బతుకుదామని ప్లాన్ ఉందన్నాను. ఆ రోజు నుంచి మెసేజులే మెసేజులు. బడ్జెట్ ఎంత, నీళ్లెట్లా, బాత్రూం ఎట్లా, రాత్రి ఎక్కడ ఆపుతావు, ఇంటర్నెట్ ఏది అని. అన్నీ సరైన ప్రశ్నలే. ఈ మధ్య రీల్స్‌లో వ్యాన్ లైఫ్ చూపించేవాళ్లు సూర్యాస్తమయం చూపిస్తారు గానీ, మురికి నీళ్ల ట్యాంకు ఎక్కడ ఖాళీ చేశారో చూపించరు.

ఆ మెసేజుల మధ్యలో నా స్కూల్ ఫ్రెండ్ ఒకడు ఫోన్ చేశాడు. వాడిది మా ఊరి పక్కనే తండా. "అరేయ్, మా తాతలు గదే చేసిన్రు. వందల ఏండ్లు చేసిన్రు. దిగడానికే మాకు పానం పోయింది. నువ్వు ఎక్కుతా అంటున్నవా?" అన్నాడు.

వాడు జోక్‌గానే అన్నాడు, నేనూ నవ్వాను. కానీ తర్వాత కూర్చొని ఆలోచిస్తే, వాడన్నదాంట్లో అక్షరం తప్పు లేదు. ఇళ్లు లేకుండా, ఏడాది పొడుగునా, పుట్టుక నుంచి చావు దాకా దారి మీదే బతికిన మనుషులు మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ప్రతి మండలంలో ఉన్నారు. మనం వాళ్ల తండాలకు ఎలక్షన్లప్పుడు, పెళ్లిళ్లప్పుడు పోతాం. వాళ్ల చరిత్ర మాత్రం మన టెక్స్ట్‌బుక్‌లో ఒక పేరాకు మించి లేదు. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు తండా అనే మాట సంగతి చూద్దాం. ఇవ్వాళ తండా అంటే మనకు ఒక చిన్న ఊరు. ఊరికి దూరంగా, గుట్ట పక్కన, అడవి అంచున ఉండే ఇళ్లు. కానీ అసలు ఆ మాట ఊరికి పెట్టింది కాదు. 1632లో పీటర్ మండీ అని ఈస్ట్ ఇండియా కంపెనీ ఉద్యోగి ఆగ్రా నుంచి పట్నా పోతున్నాడు. దారిలో ఎడ్ల గుంపు ఒకటి ఎదురైంది. మామూలు గుంపు కాదు, 14,000 ఎడ్లు. వాటి మీద ధాన్యం. డైరీలో దాని పేరు రాసుకున్నాడు: తండా. అంటే నాలుగు వందల ఏండ్ల కిందట తండా అంటే నడిచేది. ఇంగ్లీషులో కారవాన్ అంటారే, తెలుగులో బిడారు అంటాం, అదీ తండా. నడిచేదాని పేరు నిలబడిపోయిన ఊరికి మిగిలింది. నడిచేది ఎందుకు ఆగిపోయింది, ఆగడానికి ఎంత ఖర్చయింది అన్నదే ఈ రోజు కథ.

మండీ మంచి పరిశీలకుడు. ఆ తండాలో ఆడా మగా పిల్లలూ కలిపి ఆరేడు వందల మంది ఉండొచ్చు అన్నాడు. ఎడ్లు వాళ్ల సొంతవే. అప్పుడప్పుడు వ్యాపారులు కిరాయికి పెట్టుకుంటారు గానీ, ఎక్కువగా వాళ్లే వ్యాపారులు. ధాన్యం ఎక్కడ చవకో అక్కడ కొని, ఎక్కడ ప్రియమో అక్కడ అమ్మి, తిరుగు ప్రయాణంలో ఉప్పో, చక్కెరో, నెయ్యో ఎక్కించుకొని వస్తారు. రోజుకు ఆరేడు మైళ్లకు మించి నడవరు, అదీ చల్లపూట. ఆగగానే బరువు దించి ఎడ్లను మేతకు వదిలేస్తారు.

ఇక్కడ లెక్క వేసి చూశాను, పాత అలవాటు పోదు కదా. 14,000 ఎడ్లకు 700 మంది అంటే ఒక్కో మనిషికి 20 ఎడ్లు. చిన్నపిల్లల్ని, ముసలోళ్లని తీసేస్తే ఇంకా ఎక్కువ. రోజూ పొద్దున ఆ ఎడ్లన్నిటి మీద గోనెలు ఎత్తాలి, సాయంత్రం దించాలి. వ్యాన్ లైఫ్‌లో నేను చేయాల్సింది తాళం తిప్పడం. వీళ్లది ప్రతిరోజూ ఇల్లు కట్టి, ప్రతిరోజూ ఇల్లు విప్పే పని.

మండీ తర్వాత కొన్నేళ్లకు ఫ్రెంచ్ రత్నాల వ్యాపారి టావెర్నియే వచ్చాడు. గోల్కొండ వజ్రాల కోసం మన వైపు తిరిగినవాడు. 1676లో వచ్చిన తన పుస్తకంలో ఈ బిడార్ల గురించి వివరంగా రాశాడు. పదివేలు, పన్నెండు వేల ఎడ్లు ఒకేసారి పోతుంటాయట. ఇరుకు దారిలో అవి ఎదురైతే, మొత్తం దాటిపోయేదాకా బండ్లవాళ్లు రెండు మూడు రోజులు ఆగాల్సిందేనట. మనం హైవే మీద టోల్‌గేట్ దగ్గర పది నిమిషాలు ఆగితే హారన్ కొడతాం. ఈ మనుషులు ఎన్నడూ ఇంట్లో ఉండరు, భార్యాపిల్లల్ని వెంటబెట్టుకొని తిరుగుతారు, జీవితమంతా ఇదే వృత్తి అని కూడా రాశాడు. ఒక్కో బిడారుకు ఒక పెద్ద, మెడలో ముత్యాల దండ. ధాన్యం మోసేవాళ్ల పెద్దకూ, బియ్యం మోసేవాళ్ల పెద్దకూ దారి ఎవరు ఇవ్వాలన్నదాని మీద గొడవై, నెత్తురు పారేదాకా పోతే, మొగల్ చక్రవర్తి ఇద్దరినీ పిలిపించి, చెరో లక్ష రూపాయలు, చెరో ముత్యాల దండ ఇచ్చి రాజీ చేశాడట. చక్రవర్తికి అంత అవసరం ఏమొచ్చింది? ఎందుకంటే వీళ్లు ఆగితే నగరం ఆకలితో ఉంటుంది.

ఒక ఎద్దు మీద మూడు వందల నుంచి మూడు వందల యాభై లివ్ర్‌ల బరువు వేస్తారని ఆయనే చెప్పాడు. అంటే మన లెక్కలో సుమారు 150 కిలోలు. పదివేల ఎడ్లంటే 1,500 టన్నులు. ఇవ్వాళ్టి 20 టన్నుల లారీలైతే 75 కావాలి. డీజిల్ లేకుండా, రోడ్డు లేకుండా.

డీజిల్ లేకుండా అన్నాను కదా, అసలు కిటుకంతా అక్కడే. బండికి రోడ్డు కావాలి. వానలు పడితే మన నల్లరేగడిలో చక్రం దిగబడుతుంది. గుట్ట ఎక్కలేదు, వాగు దాటలేదు. గోనె మోసే ఎద్దుకు కాలిబాట చాలు. ఇంకోటి, బండెద్దుకు మీరు మేత కొని పెట్టాలి. వీళ్లు రోజుకు పది కిలోమీటర్లే నడవడానికి కారణం సోమరితనం కాదు, మిగతా పూటంతా ఎడ్లు మేయాలి. దారి పక్కన గడ్డి ఉచితం. ఆ ఉచితమైన గడ్డి మీదే మొత్తం వ్యాపారం నిలబడింది. గడ్డికి రేటు కట్టిన రోజున ఈ లెక్క తారుమారవుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

సముద్రం ఒడ్డు నుంచి మన దగ్గరికి ఉప్పు రావాలంటే ఏమిటో ఊహించండి. మచిలీపట్నం వైపు నుంచి పాలకుర్తి ప్రాంతానికి దారి 250 కిలోమీటర్ల పైనే. రోజుకు పది చొప్పున నెల దగ్గర పడుతుంది.  వాన పడితే ఉప్పు కరుగుతుంది. అందుకని పంటలు చేతికొచ్చినంక బయలుదేరడం, వానలకు ముందే ఏదో ఒక మేత ఉన్న అడవి అంచు చేరుకోవడం. వానాకాలం నాలుగు నెలలు అక్కడే మకాం. ఎడ్లు మేసి కోలుకుంటాయి, ఆవులు ఈనుతాయి. ఈ మోత వ్యాపారాన్ని వాళ్ల గోర్ బోలిలో లదేణి అంటారు. లంబాడీ అన్న పేరు ఉప్పుకు సంస్కృతంలో ఉన్న లవణం నుంచి వచ్చిందని చాలామంది చెప్తారు. వాళ్లు తమను తాము పిలుచుకునే పేరు మాత్రం గోర్. వీళ్లొక్కరే కాదు, మన వైపు పెరికవాళ్లూ ఎడ్ల మీద సరుకు మోసినవాళ్లే, ఆ కులం పేరే గోనె మీద వచ్చింది. ఎరుకలవాళ్లు కూడా తీరం నుంచి ఉప్పు తెచ్చి లోపలి ఊళ్లలో ధాన్యానికి మార్చేవాళ్లు.

సరే, మీరడిగిన ప్రశ్నలే వాళ్లనూ అడుగుదాం. రాత్రి ఎక్కడ ఆపేవాళ్లు?

దీనికి నాకు బాగా నచ్చిన జవాబు ఉంది. బిడారు ముందు ఒక ఎద్దు నడుస్తుంది. దాని మీద బరువు వేయరు. ఎర్ర పట్టు కుచ్చులు, గంటలు, ఇత్తడి గొలుసులు, గవ్వల దండలు కట్టి దాన్ని అలంకరిస్తారు. దేవుడికి వదిలిన ఎద్దు అది. ఎవరికైనా జబ్బు చేస్తే దాని కాళ్లకు మొక్కుతారు. అది అలసిపోయి ఎక్కడ పడుకుంటే ఆ రోజుకు మకాం అక్కడే. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ వాళ్లు రాసిన పుస్తకాల్లో ఇది ఉంది. వినడానికి మూఢనమ్మకంలా ఉంటుంది. నాకైతే చాలా తెలివైన పద్ధతి అనిపించింది. బరువు లేని ఎద్దే అలిసిందంటే బరువున్న వేల ఎడ్ల సంగతేంటి? పైగా ఎక్కడ ఆగాలన్నదాని మీద ఆరు వందల మంది వాదించుకోవాల్సిన పని లేదు.

ఆగగానే గోనెలను ఒకదాని మీద ఒకటి పేర్చి గోడ కడతారు. ఆ గోడ లోపల కుటుంబం, పైన గుడ్డ. అంటే అమ్మాల్సిన సరుకే ఇల్లు, అదే కోట కూడా. బయట కుక్కలు. బంజారా కుక్కలు ఎంత పేరు పొందాయంటే ఇంగ్లీషువాళ్లు వాటినొక ప్రత్యేకమైన జాతిగా రాశారు.

డబ్బు ఎక్కడ దాచేవాళ్లు అంటే, ఆడవాళ్ల ఒంటి మీద. మన తండాల్లో ముసలమ్మలు వేసుకునే వెండి కడియాలు, నాణేల దండలు, అద్దాల కాంచళి చూసి మనం ఫొటోలు తీసుకుంటాం. బ్యాంకు లేని, పాతిపెట్టడానికి సొంత నేల లేని మనుషులకు వేరే దారి ఏముంది? రేపటికి ఈ చోటు మనది కాదు. ఉన్నదంతా ఒంటి మీదే ఉండాలి.

చిరునామా? నాయక్ పేరే చిరునామా. ఫలానా నాయక్ తండా అంటే చాలు. గొడవలొస్తే నాయక్, పక్కన కార్భారి కూర్చొని తేలుస్తారు. ఇవ్వాళ్టికీ చాలా తండాలకు పేర్లు అట్లాగే మిగిలాయి, ఒక మనిషి పేరు, వెనక తండా. అతను ఎవరో ఊళ్లో కుర్రాళ్లకు తెలియదు.

పార్కింగ్ పర్మిషన్ గురించి ఒక కథ ఉంది. మొగలులు దక్కన్ మీదికి వచ్చినప్పుడు, సుమారు 1630 ప్రాంతంలో, అసఫ్ ఖాన్ అనే సేనాని సైన్యానికి భంగీ, ఝంగీ అనే ఇద్దరు నాయకులు లక్షా ఎనభై వేల ఎడ్లతో ధాన్యం మోశారట. ఎడ్లకు మేత లేదని వాళ్లు మొరాయిస్తే, ఆయన రాగి రేకు మీద బంగారు అక్షరాలతో రాసిచ్చాడట. కుండల్లో నీళ్లు, ఇళ్ల కప్పుల మీది గడ్డి తీసుకోవచ్చు, రోజుకు మూడు హత్యలు మాఫీ, సైన్యం గుర్రాలు ఎక్కడుంటే వీళ్ల ఎడ్లు అక్కడ ఉండొచ్చు అని. లక్షా ఎనభై వేలు అన్నది కథలో పెరిగిన అంకె అని నా అనుమానం. మూడు హత్యల సంగతి కూడా అంతే. కానీ కథలో అడిగిందేమిటో చూడండి. ఊళ్లు అడగలేదు, జాగీరు అడగలేదు. నీళ్లు, గడ్డి, ఆగే హక్కు. ఇల్లు కదిలేవాడికి కావాల్సినవి ఆ మూడే. ఆ కప్పు మీది గడ్డి ఎవరిదో రైతుదే అన్నది కూడా మర్చిపోవద్దు. ఊరికీ బిడారుకీ మధ్య ప్రేమ ఒక్కటే ఉండేదని చెప్తే అది అబద్ధం.

యుద్ధాల్లో వీళ్లు రెండు వైపులా అమ్మేవాళ్లు. ఎవరూ వాళ్లను ముట్టుకునేవాళ్లు కాదు, ఎందుకంటే రేపు తమకూ ధాన్యం కావాలి. 1791లో కారన్‌వాలిస్ టిప్పు సుల్తాన్ మీదికి శ్రీరంగపట్నం దాకా పోయి, సొంత ఎడ్లు చచ్చిపోయి, పెద్ద ఫిరంగులను తానే పగలగొట్టుకొని వెనక్కి రావాల్సి వచ్చింది. ఆ తర్వాత బంజారాలను నమ్ముకున్నాడు. 1803లో మరాఠాల మీదికి పోయిన ఆర్థర్ వెల్లెస్లీ, అంటే తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్, తన ఉత్తరాల్లో మాటిమాటికీ వీళ్ల ఎడ్ల గురించే రాశాడు. మ్యాప్‌లో యుద్ధాల బాణాలు గీస్తారు చూడండి, ఆ ప్రతి బాణం వెనక గోనె మోసే ఎద్దు ఉంది.

1818 తర్వాత దక్కన్‌లో పెద్ద యుద్ధాలు ఆగిపోయాయి. సైన్యాలు కంటోన్మెంట్లలో కూర్చున్నాయి. వీళ్లకు పెద్ద గిరాకీ పోయింది. ఉప్పు సంగతి ఇంకా ముందే మొదలైంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805లోనే కంపెనీ ఉప్పు మీద గుత్తాధిపత్యం తెచ్చుకుంది. తీరం ఊళ్లో ధాన్యం ఇచ్చి ఉప్పు తెచ్చుకునే పాత పద్ధతి పోయి, సర్కారు చెప్పిన రేటుకు కొనాల్సి వచ్చింది.

తర్వాత రైలు వచ్చింది. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో. అక్కడి నుంచి మన వరంగల్ వైపు 1886లో, బెజవాడ దాకా 1889లో. ఒకసారి మ్యాప్ తెరిచి చూడండి. ఒకపక్క జనగామ స్టేషన్, ఇంకోపక్క మానుకోట స్టేషన్, అదే ఇప్పటి మహబూబాబాద్. పాలకుర్తి మధ్యలో ఉంది. నెల రోజుల ఉప్పు దారిని రైలు ఒక్కరోజు పని చేసేసింది. రాత్రికి రాత్రి ఎడ్లు మాయం కాలేదు. స్టేషన్ నుంచి ఊరికి, రోడ్డు లేని గుట్టల్లోకి ఇంకొన్నేళ్లు తిరిగాయి. కానీ పదివేల ఎడ్ల బిడారుకు పని లేదు. వందలయ్యాయి, పదులయ్యాయి.

పని పోతే పోనీ, పశువులతో బతకొచ్చు కదా అంటే, ఇందాక గుర్తుపెట్టుకోమన్న గడ్డి దగ్గరికి వచ్చాం. 1878 అటవీ చట్టంతో బ్రిటిష్ ప్రాంతాల్లో అడవికి హద్దులు, మేతకు రుసుము. నిజాం రాజ్యంలోనూ అడవులు సర్కారు చేతిలోకి పోయాయి. ఉచిత గడ్డి లేని రోజున ఇరవై ఎడ్లు ఆస్తి కాదు, అప్పు.

ఇదంతా ఒక ఎత్తు, 1871 ఇంకో ఎత్తు. ఆ ఏడాది బ్రిటిష్ సర్కారు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. నేరం చేసినవాడిని కాదు, పుట్టిన కులాన్ని బట్టి మనుషుల్ని నేరస్థుల లిస్టులో రాయడం. పోలీస్ స్టేషన్లో పేరు నమోదు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. మొదట ఉత్తరాదిన, 1911 తర్వాత మద్రాసు వైపు కూడా. నిజాం రాజ్యంలోనూ అట్లాంటి చట్టమే నడిచింది. తిరిగే మనిషి అంటే సర్కారుకు అనుమానం. పన్ను ఎక్కడ కట్టించుకోవాలి, రాత్రి ఎక్కడున్నాడో ఎట్లా తెలియాలి? వందేళ్ల కిందట సైన్యానికి తిండి పెట్టినవాళ్లను అదే సర్కారు దొంగల లిస్టులోకి ఎక్కించింది.

టైగర్ నాగేశ్వరరావు సినిమా చూసినవాళ్లకు స్టువర్టుపురం పేరు తెలుసు. బాపట్ల దగ్గర. 1913 ప్రాంతంలో ఎరుకలవాళ్లను తెచ్చి ఒకచోట ఉంచడానికి పెట్టిన సెటిల్‌మెంట్ అది, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. మనం ఆ ఊరి పేరును దొంగలకు పర్యాయపదంలా వాడాం. వాళ్ల తాతలు ఉప్పు, ధాన్యం మోసి బతికారని, రైలూ ఉప్పు చట్టమూ వచ్చి ఆ బతుకు తీసుకుపోయాయని సినిమాలో ఉండదు.

నా సంగతి కూడా చెప్పేస్తాను. స్కూల్లో ఉన్నప్పుడు ఎవరైనా మురికిగా వస్తే, గట్టిగా మాట్లాడితే "లంబాడోని లెక్క" అనేవాళ్లం. నేనూ అన్నాను. ఇప్పుడు ఫోన్ చేసిన ఫ్రెండ్ అదే బెంచీలో కూర్చునేవాడు. బీటెక్‌లో మాత్రం బంజారా అని రాసి ఉన్న టీషర్ట్ కొనుక్కొని వేసుకున్నాను, గోవా ట్రిప్‌కి. ఒకే మనుషుల పేరు. ఒకటి తిట్టు, ఒకటి ఫ్యాషన్. హైదరాబాద్‌లో బంజారాహిల్స్‌లో గజం రేటెంతో మనకు నోటికొచ్చు, ఆ గుట్టల మీద ఎవరి మకాములుండేవో ఆ పేరే చెప్తున్నా అడగలేదు.

ఇంకో చిన్న మాట. యూరప్ జిప్సీలు, మన బంజారాలు ఒకటేనని రీల్స్‌లో తెగ తిప్పుతున్నారు. జిప్సీల రోమానీ భాష భారతదేశం నుంచి పోయిందన్నది భాషాశాస్త్రం ఒప్పుకున్న విషయమే. కానీ వాళ్లు బంజారాల నుంచే విడిపోయారనడానికి గట్టి ఆధారం లేదు. ఇద్దరికీ కలిసేది చట్టాల దగ్గర. ఇంగ్లండ్, వేల్స్‌లో 2022లో ఒక చట్టం వచ్చింది. అనుమతి లేని స్థలంలో వాహనంలో నివాసం ఉండి, పొమ్మంటే పోకపోతే నేరం, బండి జప్తు కూడా చేయొచ్చు. అక్కడి జిప్సీలు కోర్టుకు పోతే, అందులో కొన్ని భాగాలు మానవ హక్కులకు విరుద్ధమని 2024లో హైకోర్టు చెప్పింది. అంటే ఇది పాత కథ కాదు.

మళ్లీ మన ఊరికి వద్దాం. తిరగడానికి లేదు, అందుకని ఆగారు. ఎక్కడ ఆగారు? ఊళ్లో మంచి నేల అప్పటికే ఎవరో ఒకరిది. మిగిలింది అడవి అంచులు, గుట్టబోరు, బంచరాయి. పొదలు నరికి, రాళ్లు ఏరి, ఎడ్లున్నాయి కాబట్టి దున్ని సాగులోకి తెచ్చారు. కాగితం లేదు. తరతరాలు కాగితంతో పని లేకుండా బతికినవాళ్లకు పట్టా ఎందుకో ఎవరు చెప్పాలి? కాగితం రాసేది పట్వారి, పట్వారి దేశ్‌ముఖ్ మనిషి. నేల సాగుకు వచ్చిందని తెలియగానే అది దొరదని లెక్క తేలేది.

పాలకుర్తి పేరు చెప్తే మనకు చాకలి ఐలమ్మ గుర్తొస్తుంది. కౌలుకు తీసుకున్న నాలుగెకరాల పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డితో కొట్లాడిన మనిషి. ఆ దేశ్‌ముఖ్ చేతిలో 40 వేల ఎకరాలుండేవని తెలంగాణ పోరాట చరిత్రల్లో రాశారు. అదే దేశ్‌ముఖ్ ఇలాకాలో, దేవరుప్పుల మండలంలో, కడవెండికి దగ్గర్లోనే ధర్మాపురం ఉంది. అక్కడి లంబాడాల భూమి పోరు పుచ్చలపల్లి సుందరయ్య పుస్తకంలోనూ ఉంది. ఆ తండా మనిషే జాటోతు ఠానూ నాయక్. సంఘంలో చేరి, తండాలను కూడగట్టి, దొరల మీద, రజాకార్ల మీద కొట్లాడాడు. 1950లో కాల్చి చంపారు. ఐలమ్మ విగ్రహం మన సెంటర్లో ఉంది, ఉండాల్సిందే. ఠానూ నాయక్ పేరు నాకు ఇంజినీరింగ్ అయిపోయేదాకా తెలియదు. ఇక్కడి నుంచి బండి మీద పోయి వచ్చేంత దూరం.

అందుకే నా ఫ్రెండ్ దిగడానికే పానం పోయింది అన్నాడు. అది మాటవరసకు అన్నమాట కాదు.

తర్వాత సంగతులు త్వరగా చెప్తాను. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో రద్దయింది. తెలంగాణ లంబాడాలకు షెడ్యూల్డ్ తెగల గుర్తింపు 1976 సవరణ చట్టంతో వచ్చింది, ఆంధ్ర ప్రాంతంలో వాళ్లకు అంతకుముందే ఉండేది. దాని మీద ఆదివాసీలకూ లంబాడాలకూ మధ్య ఇప్పటికీ నడుస్తున్న వివాదం ఉంది. రెండు వైపులా వినాల్సిన మాటలున్నాయి, అది రెండు నిమిషాల్లో తేల్చే విషయం కాదు, వేరే ఎపిసోడ్ చేస్తాను. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు, గూడేలు కలిపి 1,177 కొత్త గ్రామపంచాయతీలయ్యాయి. అంతకుముందు తండాలో వీధిలైటు పోతే పక్క ఊరి సర్పంచ్ దగ్గర నిలబడాలి. ఇప్పుడు తండాకు తన సర్పంచ్, తన బోర్డు. నడిచే తండా పేరుతో సర్కారు రికార్డులో శాశ్వత చిరునామా పడింది.

అందరూ ఆగిపోయారని కాదు. పంట లేని ఏడాది తండాల నుంచి హైదరాబాద్, పుణె, ముంబై పనులకు పోతారు. ఇంటికి తాళం వేసి, ముసలోళ్లను ఉంచి. అప్పట్లో ఇల్లంతా కలిసి కదిలేది, ఇప్పుడు ఇల్లు విరిగి కదులుతుంది. నా ఫ్రెండ్ వాళ్ల అన్న అట్లాగే బిల్డింగుల పనికి పోయి ఆరేండ్లయింది.

ఇక నా వ్యాన్ సంగతి. మానేశానా అంటే మానలేదు. కానీ ఎక్సెల్ షీటు మళ్లీ రాసుకున్నాను. ముందు సోలార్, ఫ్రిజ్, పరుపు ఖర్చు పైన ఉండేది. ఇప్పుడు మొదటి వరసలో నీళ్లు, రెండో వరసలో రాత్రి ఆగే చోటు, ఎవరి స్థలం, ఎవరిని అడగాలి. మూడో వరసలో వానాకాలం, ఆ నాలుగు నెలలు ఇక్కడే పాలకుర్తిలో మా అమ్మ దగ్గర. నా ఆధార్‌లో ఒక ఇంటి నంబర్ ఉంది. దారిలో పోలీసులు ఆపితే అది చూపిస్తాను, నన్ను యూట్యూబర్ అనుకొని పొమ్మంటారు. నాకు వ్యాన్ లైఫ్ సరదా కావడానికి కారణం ఆ ఇంటి నంబరే.

ఫ్రెండ్‌కు ఇదంతా రాసి పంపితే ఒక్కటే అడిగాడు, ఎద్దు ఏది అని. రాత్రి ఎక్కడ ఆగాలో చెప్పే ఎద్దు.

వచ్చే ఆదివారం వాళ్ల తండాకు పోతున్నాను. వాళ్ల నాయనమ్మకు తొంభై దాకా ఉంటాయి. లదేణి మాట ఆమెకు తెలుసట, వాళ్ల తాత ఎడ్లతో ఏ దారిన పోయేవాడో ఊళ్ల పేర్లు వరసగా చెప్తుందట, గోర్ బోలిలో. ఆ భాషకు సొంత లిపి లేదు, రాసి పెట్టినవాళ్లు తక్కువ. మైక్ తీసుకొని పోతున్నా. మీ ఇంట్లో, మీ పక్కింట్లో అట్లాంటి పెద్దమనుషులుంటే మీరూ ఫోన్‌లో రికార్డు చేయండి. పెద్ద ప్రశ్నలేం వద్దు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోయేవాళ్లు, నీళ్లు ఎక్కడ దొరికేవి, వానలకు ఎక్కడ ఆగేవాళ్లు, ముందు నడిచే ఎద్దు పేరేంటి. అవి అడగండి, ఊరి పేర్లు మాత్రం స్పష్టంగా పడేట్టు చూసుకోండి. నాకు పంపితే అన్నీ కలిపి ఒక మ్యాప్ మీద పెడతాను.